ఇరవై టికెట్లూ అమ్మ కళ్ళజోడూ

నాన్నా, నేను కులాసాయే, ఒళ్ళు మాత్రం మండిపోతోంది. అమ్మ కళ్ళజోడుకు పంపిన డబ్బుతో ఇరవై లాటరీ టికెట్లు కొన్నావని చెల్లి రాసింది. మా ప్రెస్సులో వాటికి నంబర్లు కొట్టేది నేనే! పది లక్షల టికెట్లు, గది నిండి వరండాలోకి వచ్చాయి. టికెట్ పది రూపాయల చొప్పున అన్నీ నువ్వే కొన్నా కోటి అవుతుంది. బహుమతులన్నీ కలిపినా నలభై లక్షలే. కాగితం మీద వేసి చూసుకో. ఫోర్‌మన్‌తో చెప్పుకుంటే పడీపడీ నవ్వాడు. "మీ నాన్న కొనకపోతే నీకు జీతమెక్కడిదిరా?" అన్నాడు. ఆ పూట అన్నం దిగలేదు. డబ్బు మళ్ళీ పంపాను, ఈసారి చెల్లి పేరున. దాని దగ్గు తగ్గిందా? వంటింటి కప్పు ఇంకా కారుతోందా? అమ్మకు దండాలు. ఈ కార్డు నువ్వు ఆమెకు చదివి వినిపించొద్దు. కొత్త జోడు పెట్టుకుని తనే చదవాలి.