వరుసగా పదిహేడో రోజు

బావా,

పదిహేడు రోజులు ఎడతెగకుండా బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ చేసి చేసి, చివరి రోజు కునుకు పట్టి కుడిచెయ్యి కాల్చుకున్నాను. ఆరు రోజులు చేస్తే ఏడోరోజు సెలవివ్వాలని చట్టముందని నాకు చెప్పింది నువ్వే. "ఈ ఒక్క ఆర్డరూ గట్టెక్కించవే, తర్వాత సెలవు నేనిప్పిస్తా" అన్నదీ నువ్వే. సూపర్‌వైజరువని కాదు, అక్క మొగుడివని నమ్మాను.

తనిఖీకి వచ్చిన అధికారితో నా ఎదుటే, "మా మరదలేనండి, ఆదివారాలు మా ఇంట్లోనే ఉంటుంది" అన్నావు. హాజరు పుస్తకంలో రెండు ఆదివారాలకీ సెలవని రాసి, నా సంతకం నువ్వే గీకేశావు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఏమిటో ఆ పూట తెలిసింది.

నిన్న ఆ అధికారికి జరిగిందంతా ఎడమచేత్తో రాసిచ్చాను. సాక్షి కావాలన్నాడు. నేనెవర్నీ అడగలేదు. నాకు తోడుగా వచ్చిన అక్కే లేచి సంతకం పెట్టింది.

ఉంటాను బావా.