రెంచి పిడికి తొడిగిన పైపు

ఏమండీ,

మీరు పోయి ఈ రోజుకి ఏడాది. మీ మోటార్ల పని ఇప్పుడు మన అమ్మాయి సునీత చేస్తోంది. మొన్న మిరపతోటలో బోరు పైపులు విప్పుతుంటే మీ పెద్ద రెంచి పళ్ళ దగ్గర విరిగి, ఇనుపముక్క పిల్ల చెవి పక్కనుంచి దూసుకుపోయిందట.

జీవితకాలం గ్యారంటీ అని కొన్నారు కదా. ఆ కార్డు రేషన్ కార్డుతో పాటే దాచాను. అది తీసుకుని ఇద్దరం సత్తెనపల్లి కొట్టుకి వెళ్ళాం.

"పిడికి పైపు తొడిగి తిప్పారామ్మా? అలా తిప్పితే గ్యారంటీ వర్తించదు," అన్నాడు కొట్టతను.

బలం చాలక సునీత అలాగే తిప్పింది. మీరైతే ఎవర్నీ తొడగనిచ్చేవారు కాదు. పిల్ల నా చెయ్యి గిల్లుతున్నా, "తొడిగిందండీ" అన్నాను. అబద్ధమాడి ఊరికే కొత్తది తెచ్చిస్తే దాన్నీ అలాగే తిప్పుతుందని నా భయం.

"దొంగలైనా నిజం ఒప్పుకోవడానికి రెండు దెబ్బలు పడేదాకా ఆగుతారమ్మా," అని దారంతా సణిగింది.

కొత్త రెంచి కొన్నాం. ఆ పైపుముక్కని బియ్యం డ్రమ్ములో దాచేశాను. రేపు మళ్ళీ ఎవరిదో మోటారు తియ్యడానికి వెళ్తోంది. పైపుముక్క దొరకని బోరు ఎక్కడుంటుందండీ?