నువ్వు పంపిన పట్టా

చందర్లపాడు,
మార్చి 1998

అన్నయ్యా,

ఇక్కడ అందరం బాగున్నాం. పొద్దున నీ మనుషులిద్దరు వచ్చి బెదిరించి వెళ్లారు. అయినా బాగానే ఉన్నాం. కాఫీ ఇచ్చే పంపాను.

జగ్గయ్యపేట హైవే మీద లారీలు దోచే ముఠా నీదేనని జనం అంటుంటే ఇన్నాళ్లూ వాళ్లతో పోట్లాడాను. మిరపకాయలు తడవకుండా కప్పుకోమని నువ్వు టార్పాలిన్ పట్టా పంపితే, మా అన్నయ్య పంపాడని కల్లంలో అందరికీ చూపించాను. తాలుకాయలు ఏరడానికొచ్చిన సువార్తమ్మ కూడా చూసింది. పోయినేడు లారీతో సహా మాయమై, సాగర్ కాలవలో శవమై తేలిన డ్రైవర్ ఏసోబు భార్య ఆవిడ. పట్టా మూలనున్న నీలం అతుకుని తడిమి, "ఇది నా చీర ముక్కమ్మా. మా ఆయన లారీ పట్టా చిరిగితే నేనే కుట్టా" అంది.

చెల్లెలికి పంపేటప్పుడైనా ఒకసారి విప్పి చూసుకోవా, అన్నయ్యా?

ఆ సాయంత్రమే పట్టాని నందిగామ స్టేషన్లో అప్పగించాను. ఎవరు పంపారో కోర్టులో కూడా నేనే చెప్తాను. ఈ మాట విని అమ్మ నామీద కోపంతో నీ దగ్గరికి వచ్చేసింది కదా, బీపీ మాత్రలు ఇక్కడే మర్చిపోయింది. నీ మనుషుల చేతికిచ్చి పంపాను. పూట తప్పకుండా వేయించు.

నిన్న వాన పడి కాయలన్నీ తడిసాయి. సువార్తమ్మా నేనూ మళ్లీ ఆరబోస్తున్నాం. ఇంకో పట్టా మాత్రం పంపకు.

నీ చెల్లెలు