వెనక తలుపు తీయించాను

తమ్ముడూ,

నేను బాగానే ఉన్నాను. గుండె దడ అని కిందటి ఉత్తరంలో రాసి మిమ్మల్ని హడలగొట్టాను. డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి, గుండెకేం కాలేదు, ఇదంతా ఆందోళన వల్లేనంది. దడ మొదలైతే పాదాలు నేలకి గట్టిగా ఆనించి, ఊపిరి మెల్లగా వదలమంది.

సోమవారం ఆ అవసరం పడనే పడింది. మా కుట్టు కార్ఖానాలో వెనక తలుపుకి ఎప్పుడూ తాళమే. నిప్పంటుకుంటే బయటపడే దారి లేదు. ఆ మాట మేనేజరుకి చెప్పడానికి ఆడవాళ్లంతా నన్నే ముందుకు తోశారు. ఆయన గదిలోకి వెళ్లేసరికి నోరు ఎండిపోయింది, చేతులు వణికాయి.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాడు.

పాదాలు ఆనించి, ఊపిరి వదిలి, "వణుకు నాకు మామూలేనండి. తలుపు సంగతి చెప్పే వెళ్తాను," అన్నాను. అంతా చెప్పాను. సాయంత్రానికల్లా తాళం తీసేశారు. నలభై మందిమి ఆ తలుపులోంచే ఇళ్లకి నడిచాం.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే నా పాత కళ్లజోడు పంపు. పరీక్ష రోజున కడుపునొప్పి అంటే, సాకులు చెబుతోందని నీ కూతుర్ని కోప్పడకు. అత్తకీ అంతేనని, అయినా వెళ్లిన పని చేసుకొచ్చిందని చెప్పు. దానికీ, మరదలికీ నా దీవెనలు.

మీ అక్క