ఏ బోర్డు, డాక్టరమ్మా?

నెబ్రాస్కా, జనవరి

ప్రియమైన డాక్టరమ్మా,

ఉత్తరాలు రాయడం నాకు రాదని నీకు తెలుసు. ఏడో తరగతిలో ఉండగా మా నాన్న బడికొచ్చి నన్ను తీసుకెళ్లి ట్రాక్టరు ఎక్కించాడు. మళ్లీ దిగలేదు. ఫోను చేద్దామంటే నాకు చెవులు సరిగా పనిచెయ్యవు, నువ్వేమో గొణుగుతావు. అందుకని ఇది రాస్తున్నాను. తప్పులుంటాయి. దిద్దకు.

మీ అక్క కాలు ఎలా ఉంది? ఆమె కాలు విరిగిందని డులూత్ వెళ్లావని నువ్వు చెప్పావు. అందుకు కాదు, ఇక్కడ నీ చేతులు కట్టేశారని వెళ్లావని లియోనా చెప్పింది. లియోనా పోకోర్నీ మా ఆసుపత్రి బోర్డుకు ప్రెసిడెంటు అయ్యాక తన ధాన్యం గిడ్డంగిని నడిపినట్టే ఆసుపత్రినీ నడుపుతోంది. కొత్త సంవత్సరంతో నీ బోర్డు సర్టిఫికెట్ గడువు దాటిందట, మళ్లీ పరీక్ష రాయనన్నావట. ఆ సర్టిఫికెట్ లేని డాక్టరు మన ఆసుపత్రిలో రోగిని చేర్చుకోకూడదని రూలట.

నాకు ఒళ్లు మండింది. ఈ కౌంటీ జనం ఎన్నిక జరిగిన ప్రతిసారీ నన్ను ఆ బోర్డుకు ఎన్నుకుంటున్నారు. నీకు సర్టిఫికెట్ ఇవ్వనని నేనెప్పుడన్నాను? నన్ను ఒక్కడు అడగలేదు. కాగితం నా ముందు పెడితే నిలబడ్డ చోటనే సంతకం చేసేవాణ్ణి. బోర్డంటే మేమే కదా! నాకు తెలియకుండా నిన్ను ఆపిన బోర్డు ఏ బోర్డు, డాక్టరమ్మా?

నీ బదులు ఓమహా సిటీ నుంచి వారానికోసారి ఒక కుర్ర డాక్టరు వస్తున్నాడు. మా ఆవిడ ఆగ్నెస్ నన్ను అతని దగ్గరికి లాక్కెళ్లింది. మంచివాడే. కంప్యూటరు వంక చూస్తూ “మద్యం అలవాటుందా?” అన్నాడు. “ఎందుకు, నీ దగ్గరుందా?” అన్నాను. నవ్వలేదు. నువ్వైతే తిట్టేదానివి. నువ్వు తిడితే నాకు సగం నయమవుతుంది.

నాకు ఇంకో అవమానం కూడా జరిగింది. డ్రైవింగు లైసెన్సు ఆఫీసు వాళ్లు కార్డు పంపారు. మే నెలలో నా పుట్టినరోజు లోపల వచ్చి గోడ మీది అక్షరాలు చదివి చూపించాలట. తొమ్మిదేళ్ల వయసు నుంచి బండి నడుపుతున్నవాణ్ణి! నేను పోను. నువ్వు పరీక్ష రాయనన్నావు, నేను అక్షరాలు చదవనన్నాను. మనిద్దరిదీ ఒకటే దారి.

ఆవులు ఈనడం మొదలైంది. మొదటి దూడ వెనక కాళ్లు ముందు పెట్టి వచ్చింది. దూడా నేనూ ఇద్దరం క్షేమం.

నీ తిట్లకు అలవాటుపడ్డ
లూమీర్ వావ్రా


డులూత్, ఫిబ్రవరి

ప్రియమైన వావ్రా గారూ,

మీ ఉత్తరం మా అక్కకు చదివి వినిపించాను. నవ్వితే కాలు నొప్పెడుతోందని నన్ను తిట్టింది.

ఇది విని కోపం తెచ్చుకోకండి. ఆ బోర్డు మీరు కాదు. మీది ఆసుపత్రిని నడిపే బోర్డు. నాకు కాగితం ఇచ్చేది డాక్టర్ల బోర్డు. అది ఎక్కడో ఉంటుంది, దాన్ని మనూళ్లో ఎవరూ చూడలేదు. చదువు పూర్తయ్యాక పరీక్ష పెట్టి, ఈమెకు ఈ వైద్యంలో పట్టుంది అని రాసిస్తుంది. అది సబబే. కాని ఆ కాగితం పదేళ్లకు చెల్లకుండా పోతుంది. మళ్లీ కూర్చుని రాయాలి. ఇప్పటికి మూడుసార్లు రాశాను. పోయినసారి మూత్రపిండం మార్పించుకున్నవాళ్ల మందుల గురించి అడిగారు. మన కౌంటీలో అలాంటివాళ్లు ఒక్కరూ లేరు. మొక్కజొన్న కోసే యంత్రంలో చిక్కుకున్న చెయ్యి గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. అందుకే నాలుగోసారి రాయనన్నాను. వైద్యం చెయ్యడానికి రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు నాకుంది, దానికేం ఢోకా లేదు. ఆ ఒక్క కాగితమే లేదు.

ఇంకో దారి ఉంది. కొందరు డాక్టర్లే కలిసి వేరే బోర్డు పెట్టుకున్నారు. మొదటి పరీక్ష ఒకసారి పాసైతే వాళ్లకు చాలు. ఆ తర్వాత కొత్త వైద్యం నేర్చుకుంటూ ఉన్నామని ఎప్పటికప్పుడు గంటల లెక్కన చూపించాలి, లైసెన్సుకు మచ్చ ఉండకూడదు. కొన్ని ఆసుపత్రులు దాన్ని ఒప్పుకుంటున్నాయి. మనది ఒప్పుకోదు. ఒప్పుకోమని నేనడిగితే నా కోసం నేనడిగినట్టుంటుంది, అందుకే ఊరుకున్నాను.

ఇక్కడ మందుల దుకాణం పక్కనే ఒక క్లినిక్ ఉంది. జలుబూ గొంతునొప్పీ చూస్తారు. వాళ్లకు ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. రమ్మంటున్నారు. జూన్ మొదటికల్లా ఏ సంగతీ చెప్పాలి. జలుబులు చూసి ముసలిదాన్నవడం నాకిష్టం లేదు. కాని చేర్చుకోలేని రోగిని మీ ఊళ్లో గుమ్మంలో నిలబెట్టి చూడటం కంటే నయం.

రక్తపోటు మాత్రలు ఆవులకు పెట్టడం లేదు కదా? కళ్ల పరీక్షకు వెళ్లండి. మీ ఎడమ కంటిలో తెల్లటి పొర నేను పోయిన ఏడాదే చూశాను.

ఆగ్నెస్ గారికి నా ముద్దులు.

మీ
కోరా హాన్సెన్


నెబ్రాస్కా, మార్చి

ప్రియమైన డాక్టరమ్మా,

అయితే ఆ బోర్డు నేను కాదన్నమాట. ఇన్నేళ్లు అనుకున్నాను. సరే.

నీ కోసం నువ్వు అడగవు. నాకు ఆ సిగ్గు లేదు. మీటింగులో లేచి నిలబడి, ఆ రెండో బోర్డును కూడా ఒప్పుకుందామని అన్నాను. లియోనా కళ్లద్దాల మీదుగా చూసింది. “లూమీర్, పోయిన నెల దాకా ఆ బోర్డు నువ్వేననుకున్నావు. ఇప్పుడు ఇంకోటి తెచ్చావా?” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాని కూర్చోలేదు.

“మన కోరా హాన్సెన్‌ను ఎవరూ పరీక్షించక్కర్లేదు. నా పిల్లలందరూ తన చేతుల మీదే పుట్టారు,” అన్నాను.

“నీ పిల్లలు పుట్టేటప్పటికి ఆమె బళ్లో ఉంది,” అంది లియోనా.

“అయితే మనవలు!”

“మా మనవడికి ఉబ్బసం. పరీక్ష అంటే భయపడే డాక్టరు చేతిలో వాణ్ణి పెట్టమంటావా?”

ఆ మాటకు కూర్చున్నాను. ఈ సంగతి మే నెల మీటింగుకు వాయిదా వేశారు.

నువ్వు తెలుసుకోవలసింది ఇంకోటుంది. జెలింకా వాళ్ల కోడలికి మంచు తుఫానులో నొప్పులొచ్చాయి. ఇక్కడ చేర్చుకునే డాక్టరు లేక పక్క కౌంటీకి బయల్దేరారు. సగం దారిలో పెట్రోలు బంకులో మగపిల్లాడు పుట్టాడు. బంకు నడిపే ఆవిడ పట్టుకుంది. తల్లీ పిల్లాడూ బాగున్నారు. వాడికి పెట్రోలు జెలింకా అని ఊరంతా పేరు పెట్టేసింది. నవ్వుతున్నాం గాని, మంచు ఇంకాస్త ఎక్కువ పడి ఉంటే నవ్వేవాళ్లం కాదు.

ఒక మాట సూటిగా అడుగుతాను. నాకు వంకర మాటలు రావు. లియోనా అన్నది నిజమా? నువ్వు భయపడ్డావా? భయపడితే చెప్పు, అయినా నీ వైపే ఉంటాను. కాని తెలిసి ఉండాలి.

ఆగ్నెస్ గసగసాలు పెట్టి కాల్చిన తీపి రొట్టెలు, కొలాచీలు పంపుతోంది. పెట్టె చిన్నది, మీ అక్కకు ఒకటి చాలు.

లూమీర్ వావ్రా


డులూత్, మార్చి

వావ్రా గారూ,

కొలాచీలు అందాయి. మా అక్కకు మూడు ఇచ్చాను.

భయమా? పొలం మధ్యలో, పారుతున్న నెత్తుటికి అడ్డంగా చెయ్యి పెట్టి హెలికాప్టరు కోసం చూసినదాన్ని నేను. ఆ మాట మీరు అనొచ్చా? అందులోనూ గోడ మీది నాలుగు అక్షరాల ముందు నిలబడటానికి వణికే మనిషి అనొచ్చా?

మనిద్దరిదీ ఒకటే దారి అన్నారు. కాదు. మిమ్మల్ని ఎవరూ చూడకూడదని మీరంటున్నారు. నేను చేసే పనిని చూడండి అని నేనంటున్నాను. నేను చదువుకున్నప్పుడు పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టమని తల్లులకు చెప్పేవాళ్లు. ఇప్పుడు అది ప్రమాదమని తెలుసు. నేర్చుకోవడం మానేసిన డాక్టరు దగ్గరికి మీ మనవల్ని నేనే పంపనివ్వను. నన్ను ఎవరూ పరీక్షించక్కర్లేదని మీరు బోర్డులో అనడం నాకు సాయం కాదు. లియోనా అడిగింది సరైన ప్రశ్న.

చెప్పాలనుకుంటే ఇలా చెప్పండి. ఆ రెండో బోర్డు అడిగే కొత్త చదువు సరే. దానిమీద ఇంకోటి నేనే అడుగుతున్నాను. పక్క కౌంటీ డాక్టరు ఎవరైనా ఏడాదికి రెండుసార్లు వచ్చి, నేను చూసిన రోగుల కాగితాలు తనకు నచ్చినవి తీసి చూడాలి. తప్పు చేస్తే నా మొహం మీద చెప్పాలి. నా పరీక్ష అది.

మీరు వెళ్లి ఆ అక్షరాలు చదివి రండి. అప్పుడు నన్ను భయం గురించి అడగండి.

కోరా


నెబ్రాస్కా, మే

ప్రియమైన డాక్టరమ్మా,

నీ ఉత్తరం చదివి చాలా రోజులు జవాబు రాయలేదు. కోపంతో కాదు. ఉన్న కోపం విత్తనాలు వేసేసరికి పోయింది.

నిన్న మీటింగు. వాన పడి పొలాల్లోకి ఎవరూ దిగలేదని లియోనా మధ్యాహ్నమే పెట్టింది, కోర్టు భవనం కింది గదిలో. నువ్వు చెప్పమన్నది చెప్పాను. ఎవరూ పరీక్షించక్కర్లేదన్న నా మాట వెనక్కి తీసుకున్నాను. అది నోటి నుంచి రావడానికి కొంచెం కష్టపడింది.

లియోనా అంతా విని, “మాట బాగుంది, చెప్పే మనిషే బాగాలేదు. కళ్ల పరీక్షకు వెళ్లనని ఊరంతా చాటుకున్నవాడివి. మంచి పరీక్ష ఏదో చెడ్డ పరీక్ష ఏదో నీకేం తెలుసు?” అంది.

మంగళవారం మంగళవారం లైసెన్సు ఆవిడ ఆ భవనంలోనే పై అంతస్తులో కూర్చుంటుంది. నిన్న మంగళవారం. “ఎవరూ కదలకండి,” అని మెట్లెక్కాను. ఆవిడ సర్దుకుంటోంది. “ఇవాళ్టికి ఐపోయింది, తాతా,” అంది. “కింద ఐదుగురు నా కోసం కాచుకుని ఉన్నారమ్మా, నీ బోర్డు చూపించు,” అన్నాను.

కుడి కన్ను కింది వరస దాకా చదివింది. ఎడమ కన్నుకు పైన ఉన్న పెద్ద అక్షరం తప్ప ఏమీ కనపడలేదు. అంతా పొగమంచు. నాకు తెలియదు, డాక్టరమ్మా. రెండు కళ్లూ తెరిచి ఉంటే తెలియలేదు. ఒకటి మూయమని ఇన్నాళ్లూ ఎవరూ అనలేదు. నువ్వన్నావు గాని, నేను వినలేదు.

తర్వాత ఆవిడ నాతో ట్రక్కులో కూర్చుంది. విమానం నడపమనలేదు. ఓమహా పెద్ద రోడ్డు మీదికి పదమనలేదు. నేను రోజూ పోయే దారిలోనే, గిడ్డంగి దాకా, చర్చి దాకా నడిపించింది. పక్కకు తిరిగి చూసుకుంటున్నానా లేదా కనిపెట్టింది. లైసెన్సు ఇచ్చింది. పగలు మాత్రమే నడపాలి, కౌంటీ దాటకూడదు అని దానిమీద రాసి ఉంది.

కిందికొచ్చి బల్ల మీద పెట్టాను. “చూసుకోండి. నా కన్ను పోయిందని కనిపెట్టింది, నేను ఏ దారిలో నడుపుతానో ఆ దారిలోనే చూసింది. మంచి పరీక్ష ఇదీ. డాక్టరమ్మ అడిగేది ఇదే,” అన్నాను.

 తర్వాత లియోనా, “ఈలోగా వాన ఆగిపోయింది, నా విత్తనాలు ఎవడు వేస్తాడు?” అని విసుక్కుంటూ మొదటి చెయ్యి తనే ఎత్తింది. మిగతావాళ్లంతా ఎత్తారు.

కాబట్టి రూలు మారింది. రెండు బోర్డుల్లో ఏది ఇచ్చిన కాగితమైనా చెల్లుతుంది, పక్క కౌంటీ డాక్టరు వచ్చి నీ కాగితాలు తిరగేస్తాడు. నీ గుమ్మం నీది. జూన్ వచ్చేస్తోంది. ఆ జలుబు దుకాణం వాళ్లకు ఏం చెప్తావో త్వరగా చెప్పు.

నీ
లూమీర్ వావ్రా


డులూత్, మే

ప్రియమైన వావ్రా గారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నవ్వుతూ. రెండోసారి సంగతి మీకు చెప్పను.

జలుబు దుకాణానికి రానని చెప్పేశాను. మా అక్క నడుస్తోంది, నన్ను పొమ్మంటోంది. వచ్చే ఆదివారం బయల్దేరుతున్నాను.

ఇప్పుడొకటి చెప్తాను. చదివేముందు కూర్చోండి. ట్రక్కులో వద్దు, కుర్చీలో.

మీరు నన్ను భయపడ్డావా అని అడిగిన మర్నాడే నేను ఆ పాత పరీక్షకు పేరిచ్చాను. కోపంతో ఇచ్చాను. ఏప్రిల్‌లో రాశాను. నిన్న ఫలితం వచ్చింది, ఆ కాగితం నకలు ఇందులో పెట్టాను. పాసయ్యాను, అదీ బాగానే. మూత్రపిండం మార్పిడి మళ్లీ అడిగారు. పెట్రోలు బంకులో కాన్పు గురించి అడగలేదు.

మీకు ముందే ఎందుకు చెప్పలేదంటే, చెప్తే మీరు పోట్లాట ఆపేస్తారు. “ఇక ఆమెకు పని లేదులే,” అంటారు. రూలు అలాగే ఉండిపోతుంది. నా తర్వాత మీ ఊరికి రావాలనుకునే డాక్టరు ఎవరో, ఆమె గుమ్మం కూడా అలాగే మూసేస్తారు. కొంచెం స్వార్థం కూడా ఉంది. మీరు నా కోసం అలా నిలబడి మాట్లాడటం ఆగిపోవడం నాకిష్టం లేకపోయింది.

ఈ కాగితం ఇంకో పదేళ్లు చెల్లుతుంది. అయినా పక్క కౌంటీ డాక్టరు రావాలి, నా కాగితాలు తీసి చూడాలి. అది మాట.

మీ ఎడమ కంటి పొర తీసేయొచ్చు. ఓమహాలో చేస్తారు, నేనే తీసుకెళ్తాను.

మీ
కోరా


నెబ్రాస్కా, మే

డాక్టరమ్మా,

పాసయ్యావా! అంటే నేను రాత్రి డ్రైవింగు ఉత్తినే పోగొట్టుకున్నానన్నమాట. ఆగ్నెస్ నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నవ్వుతూనే ఉంది, పొయ్యి మీద బాతు మాడిపోయింది.

నువ్వు పంపిన నకలు లియోనాకు చూపించాను. చాలాసేపు చూసింది. “ఇది ముందే చెబితే మీటింగు ఐదు నిమిషాల్లో అయ్యేది, నా విత్తనాలు పడేవి,” అంది. తర్వాత తనే మేకు తెచ్చి దాన్ని ఆసుపత్రి గోడకు కొట్టింది. దాని కింద మా రూలు కాగితం నేను కొట్టాను. రెండు బోర్డులూ గోడ మీదున్నాయి. ఏది పెద్దదో పెట్రోలు జెలింకా పెద్దయ్యాక చెప్తాడు.

కన్ను సంగతి తర్వాత చూద్దాం. నేను భయపడటం లేదు. రాసుకో.

వచ్చే బోర్డు మీటింగు సాయంత్రం. పూర్తయ్యేసరికి చీకటి పడుతుంది, నేను నడపకూడదు. నీ తప్పే కాబట్టి నువ్వే తీసుకెళ్లాలి. గేటు దగ్గర ఆపు, హారను మాత్రం కొట్టకు. దూడలు బెదురుతాయి. నేను ముందే వచ్చి నిలబడి ఉంటాను.

లూమీర్