రెండంగుళాల గొడవ

పామర్రు,
సోమవారం.

చెల్లెలు క్రిస్టినాకు,

నీ తోడికోడలు శౌరమ్మ రాయునది. నా నంబరు చూస్తే నువ్వు ఫోను ఎత్తవు కాబట్టి ఈ ఉత్తరం. నువ్వు కుట్టిన లంగాలు రెండంగుళాలు పొడుగయ్యాయని, నీకు టేపు పట్టడమే రాదని మూడేళ్ళ కిందట నలుగురిలో అన్నాను. అది పక్కన పెట్టు. డాక్టరమ్మ నన్ను ఎముకల సాంద్రత స్కాను చేయించుకోమంది. ఎముక ముక్క కోసి తూకం వేస్తారట కదా? నీకు చేశారుగా, ఏ ఎముక తీశారు?

ఇట్లు, శౌరమ్మ

తా.క.: కాలిది అడిగితే ఇవ్వను. చర్చికి నడవాలి.


భవానీపురం,
గురువారం.

గౌరవనీయులైన శౌరమ్మగారికి,

ఏ ఎముకా తీయరండి. బల్ల మీద వెల్లకిలా పడుకుంటే పైన మిషను నెమ్మదిగా కదులుతుంది. సూది లేదు, నొప్పి లేదు. పావుగంట. ముందురోజు నుంచి కాల్షియం మాత్ర మానండి. అన్నం తినొచ్చు. ఒంటి మీద లోహం ఉండకూడదు. ఎత్తూ బరువూ కూడా చూస్తారు.

ఇట్లు, క్రిస్టినా

తా.క.: టేపు పట్టడం రానిదాన్ని, ఇంతకన్నా తెలియదు.


పామర్రు,
ఆదివారం.

క్రిస్టినమ్మా,

స్కాను అయింది. లోహం వద్దన్నావని జాకెట్టు హుక్కులు పీకి దారంతో కుట్టుకున్నాను. కళ్ళజోడు కూడా ఇంట్లోనే వదిలేసి వెళ్ళి, డాక్టరమ్మ అనుకుని మంచినీళ్ళ మిషనుకి దణ్ణం పెట్టాను. టీ స్కోరు మైనస్ రెండు పాయింట్ తొమ్మిది అన్నారు. "రోజుకి నాలుగు తాగుతానమ్మా, ఇకనుంచి ఒకటేనా?" అంటే అక్కడి అమ్మాయి నవ్వింది. టీకీ దానికీ సంబంధం లేదట. ఎముకలు గుల్లబారాయట.

డాక్టరమ్మ నా పాత చీటీలో ఎత్తు చూసి, "మామ్మగారూ, రెండంగుళాలు తగ్గారు. వెన్నుపూసలు కుంగాయి" అంది.

లంగాలు పొడుగవలేదమ్మా. నేనే పొట్టిదాన్నయ్యాను.

నా మరిది పోయిననాడు కూడా నీ గుమ్మం బయటే నిలబడి వచ్చేశాను. నిన్ను పట్టుకుని ఏడవలేదు. క్షమించు.

శౌరమ్మ

తా.క.: తర్వాత పాత లంగా కొలతకిచ్చి ఇంకో టైలరమ్మ దగ్గర కుట్టించాను. అవీ పొడుగే వచ్చాయి. ఆవిడతోనూ మాట్లాడటం మానేశాను.


భవానీపురం,
బుధవారం.

అక్కా,

క్షమించమని నువ్వు అడగకు. ఆ లంగాలకి నీ కొలత తీస్తే టేపు రెండంగుళాలు తక్కువే చూపించింది. రెండుసార్లు పట్టాను. చెబితే "నన్ను పొట్టిదంటావా" అని అరుస్తావని, పాత కొలతకే కుట్టేశాను.

పోయినేడు నా స్కానప్పుడు, ఎత్తు తగ్గడం ఈ జబ్బుకి గుర్తని చెప్పారు. వెంటనే నువ్వే గుర్తొచ్చావు. నీ నంబరు కూడా నొక్కాను. ఇంతలో, నలుగురిలో అంత మాటన్న మనిషికి నేనెందుకు చెప్పాలనిపించింది. ఫోను పెట్టేశాను. ఆ ఏడాదిలో నీ వెన్ను ఇంకెంత కుంగిందో! తలుచుకుంటే నిద్ర పట్టడం లేదక్కా.

శనివారం పొద్దున్నే వస్తున్నాను. తిట్టాలనుంటే తిట్టు.

నీ చెల్లి, క్రిస్టినా

తా.క.: స్టూలెక్కి అటక మీది జాడీలు దించకు. నేనొచ్చి దించుతాను. ఇప్పుడు నీకన్నా నేనే పొడుగు.