ఆర్గాన్ లోపలి అక్షింతలు

మంగళవారం

సినిమా పాటలకు వాయించిన రావుగారు చనిపోయిండు. ఆయన పాత ఎలక్ట్రిక్ ఆర్గాన్ రిపేర్ ఇయ్యాల అయిపోయింది. కీస్ కింద ఫోమ్ కుళ్ళి తారు లెక్క అయింది. అండ్ల నల్లబడ్డ బియ్యం గింజలు. ఎలుకల పనే అనుకొని అంతా గీకి చెత్త బండిల ఏసిన, కొత్త ఫోమ్ పెట్టిన.

సాయంత్రం ఫిలింనగర్ల వాళ్లింట్ల దించినంక ఆయన భార్య అడిగింది.

"లోపల ఆయన అక్షింతలు అలాగే ఉన్నాయి కదా బాబూ? ప్రతి దసరాకీ పూజ చేసి కీస్ మీద చల్లేవారు. కిందటి దసరాకి చెయ్యి లేవకపోతే నేనే పట్టుకుని చల్లించాను."

"ఉన్నయమ్మా" అన్న.

ఆమె కండ్లు మూసుకొని ఆర్గాన్‌కు దండం పెట్టుకున్నది.

ఇంటికొచ్చి గిన్నెల గుప్పెడు బియ్యానికి పసుపు కలిపిన. మళ్ల పోయి, ఏదో సాకు చెప్పి ఈ గింజలు కీస్ కింద పోసి రావొచ్చు. గిన్నె ముందలనే ఉన్నది. ముట్టబుద్ధి అయితలేదు.